మోడియస్

నా ఉద్యోగం కొలతల్ని అనుమానించడం.
హెక్సమ్‌లో పెట్రోలు బంకులు, మాంసం కొట్ల కాటాలు,
పబ్బుల్లో బీరు గ్లాసు మెడ మీది గీత.
నురగ ఎక్కడ ఆగిందో, బీరు ఎక్కడ మొదలైందో చూసి
ముద్ర వేస్తాను, లేదా నోటీసు రాస్తాను.

ముసురు పట్టిన గురువారం,
రోమన్ల గోడ పక్కన ఒక చిన్న మ్యూజియం.
లోపలి కొట్లో మిఠాయి తూచి అమ్ముతారు,
ఆ కాటా చూడ్డానికి వెళ్లాను.
కాటా బాగానే ఉంది.
అద్దాల బీరువాలో ఉన్నదే బాగాలేదు.

మోడియస్, అని రాసుంది చీటీ మీద.
లాటిన్ మాట. గింజలు కొలిచేది.
నా నోరు ఆ మాట ఎత్తలేదు,
కుంచం, అంది.
అడుగు వెడల్పు, మూతి సన్నం, చిలుమెక్కిన కంచు.
ఒంటి మీద చెక్కిన అక్షరాలు:
పదిహేడున్నర పడుతుంది.
పోసి చూస్తే ఇరవై పట్టిందట.

మ్యూజియం ఆవిడ, విన్నీ మిల్‌బర్న్,
గొంతు తగ్గించి రెండు కథలు చెప్పింది.
ఇక్కడి రైతుల పన్ను గింజలు అదనంగా లాక్కోవడానికే
అలా పోత పోశారని ఒకటి.
లోపల ఒక గుర్తు ఉండేదని, అక్కడిదాకే పోసేవారని,
ఆ గుర్తే ఎప్పుడో ఊడిపోయిందని ఇంకొకటి.
"మీరు కొలతల మనిషి కదా, మీరేమంటారు?"

నేనేమంటాను.
తాడేపల్లిగూడెంలో మా నాన్నది కిరసనాయిలు డిపో.
లీటరు డబ్బాకి అడుగున ఒక సొట్ట,
గుడ్డ చుట్టిన సుత్తితో, చప్పుడు కాకుండా, ఒక్కటే దెబ్బ.
మొదటి కొలతకి ఆయన ఒకటి అనేవాడు కాదు.
లాభం. రెండు. మూడు.
అందరూ శుభానికి అనే మాటే,
మా ఇంట్లో దానికి అర్థం ఉండేది.
లీటరుకి గిద్దెడు చీకటి
ఎవరి లాంతర్లోనో.
ఆ సొట్టే నా ఫీజు, నా ఫిజిక్సు పుస్తకం.
వెర్నియర్ కాలిపర్స్ బొమ్మ దగ్గర నాకు నిద్రొచ్చేది గానీ
మా దీపం ఏ రాత్రీ కొడిగట్టలేదు.

కంచు మీద ఒకచోట గీకేసిన మచ్చ.
చక్రవర్తి పేరు ఉండేదట.
ఆయన పోయాక వాళ్లవాళ్లే చెరిపేశారట.
పేరు పోయింది. ఆ రెండున్నర పోలేదు.

అద్దం మీదికి వంగి టార్చి వేశాను.
గుర్తు తాలూకు మేకు రంధ్రమైనా కనబడుతుందేమోనని,
చాలాసేపు.
ఇన్‌స్పెక్టరుగా కాదు.

కారులో నా కొలపాత్ర ఉంది, సీలు వేసినది.
దాని అడుగు వేలితో తడిమాను.
రోజూ తడుముతాను, ఎవరూ అడగరు.

సాయంత్రం పబ్బులో బీరు
గీతకి వడ్లగింజంత కింద ఆగింది.
ఓనరు అరచేతులు తుడుచుకుంటున్నాడు.
కౌంటరు చివర వాళ్ల పిల్ల
పెన్సిలు కొరుకుతూ లెక్కలు చేసుకుంటోంది.
"ఒకటి," అన్నాను పైకే,
రెండో గ్లాసు పోయమన్నాను.