వైన్స్‌ల వైన్ లేదు

గడియారం సెంటర్ చుట్టూ వైన్స్‌లకు కొదవ లేదు.
ఒక్కదాంట్లో వైన్ దొరకదు.
ఇనుప జాలీల నుంచి చెయ్యి పెట్టి
స్పెయిన్‌ది ఏమన్న ఉందా అంటే
లోపలి పిలగాడు నా వెనక మగమనిషి కోసం ఎతుకుతడు.
"మేడం, సార్‌కు ఏ బ్రాండ్?"
సార్ లేడు బిడ్డా. తాగేది నేనే.

ఇరవై ఆరేండ్లు నీళ్లు చూసిన నాలుక ఇది.
ఫ్లోరైడుకు రుచి లేదంటరు, నిజమే.
దాని పక్కన కూసున్న సున్నానికుంది, ఉప్పుకుంది, రాతికుంది.
మిషన్ పెట్టకముందే ఒక్క చుక్క తాకిచ్చుకొని
ఇది మర్రిగూడ బోరు,
ఇది చండూరు బావి,
ఇది ఎవడో కృష్ణ నీళ్లు కలిపి తెచ్చిన దొంగ శాంపిలు
అని కాగితం అంచున పెన్సిల్‌తోని రాసేదాన్ని.
ఆఫీసర్లు రబ్బరుతోని తుడిచేటోళ్లు.

మొదటి సీసా హైదరాబాదుల కొన్న, ట్రైనింగుకు పోయినప్పుడు.
రియోజా అని చదివిన.
రియోహా అనాల్నంట.
పేరు తప్పు చదివినా మూత తీస్తే వాసన తప్పలేదు.
వెనీలా అని సీసా వెనక రాసిన్రు.
నాకైతే మా వడ్లాయన కొట్టం,
కొత్త ఆకు చెక్కుతుంటె ఎగిరిన పొట్టు, బాడిస చప్పుడు.
పీపాల ఏడాది పండబెడ్తరట
బాలింతను పండబెట్టినట్టు.

తర్వాత జీతంల నెలకొక సీసా.
దాచిపెట్టి కాదు, బియ్యం డబ్బా పక్కన్నే.
గార్నాచా తీగె పందిరి అడగదట.
ఎండల ఒక్కతే గుబురుగ కూసుంటదట
దేవరకొండ దిక్కు చెల్కల ఆముదపు చెట్టు లెక్క.
ముందుగాల తీపి.
ఎండ సంగతి గొంతు దిగినంక చెప్తది.

ప్రియోరాత్‌ది నల్ల పలకరాయి నేల.
ఒక గుక్క పట్టి కండ్లు మూసిన.
రెండో తరగతిల
తప్పు లెక్కను నాకి తుడిచిన పలక!
అంత పైసలు పెట్టి ఆ పలకనే కొన్ననా
అని ఒక్కదాన్నే నవ్విన, శానసేపు.

నా పండ్ల మీద పుట్టు గీతలున్నయి, గోధుమ రంగువి.
ఎర్ర వైన్ మరక వాటిల కలిసిపోతది.
నల్లగొండల పుట్టినందుకు ఇదొక్కటే లాభం.

మొన్న ఫినో దొరికింది.
తెల్లది, తీపి అన్న మాట లేదు.
పీపాల దాని మీద పొర కడతదట,
ఆ పొరనే దానికి దుప్పటట.
దీన్ని ఒక్కదాన్నే తాగితె పాపమనిపించింది.
ల్యాబు థర్మాసుల మంచు ముక్కల నడుమ పెట్టి
కట్టంగూరు బస్సెక్కిన.

ముత్తిలింగం గౌడు మంచం మీదున్నడు.
రెండు వానకాలాల కింద తాడు మీంచి పడ్డడు, నడుము పోయింది.
మోకు, ముస్తాదు గోడకు వేలాడుతున్నయి,
వాటి మీద కోడి ఒకటి.
స్టీలు గిలాసల పోసిచ్చిన.
తాగలే. వాసన చూసిండు.
మళ్ల చూసిండు.
నోట్ల పోసుకొని ఇటు బుగ్గకు, అటు బుగ్గకు
(ఎవలు నేర్పిన్రయ్యా నీకు!)
"పొద్దటిది గాదు. మాపటిది గాదు.
ఎవడో లొట్టి మర్చిపోయిండు.
మర్చిపోయినోడు మంచోడు."

నేను నాలుగు నెలలు చదివి
నోట్‌బుక్కుల మూడు పేజీలు రాసిన దాన్ని
రెండు మాటలల్ల తేల్చిండు.
వచ్చే నెల నా రిటైర్మెంటుకు ఏది తేవాల్నో
అడుగుదామని వచ్చిన,
అడగాల్సిన పని లేకపోయింది.

గిలాస మళ్ల చాపుతూ అన్నడు:
"గీసినోని పేరేంది?"
దీనికి గీసుడుండదు, గుత్తులు కోస్తరు అని చెప్పిన.
"గదే. కోసినోని పేరు."

సీసా తిప్పి తిప్పి చూసిన.
కంపెనీ ఉంది, ఊరుంది, శాతముంది,
గర్భిణులు తాగొద్దని ఉంది.
కోసినోళ్ల పేరు లేదు.

కోడి ముస్తాదు మీంచి దుమికింది.
సంచిల నుంచి పెన్సిల్ తీసిన
లేబులు అంచున ఏదన్న రాద్దామని.
ఏం రాయాల్నో తోచలే.
అలవాటు కొద్ది
శాంపిలు తీసిన తారీఖు వేసిన,
ఊరు: కట్టంగూరు.