పావు అంగుళం

మా సంస్థకు బోర్డు లేదు.
నారాయణగూడలో జిరాక్స్ షాపు పైన
ఒక గది, ఒక ఇనుప బీరువా, ఆరు కుర్చీలు.
ఏడోవాళ్లు వస్తే బీరువాకు ఆనుకుని నిలబడాలి.
ఏటా ఒక పుస్తకాన్ని పిలుస్తాం,
మనిషిని మనిషి గుమ్మం దగ్గరే ఆపేసిన సంగతి
నసగకుండా చెప్పిన పుస్తకాన్ని.

ఖైసర్ మేడం పద్దులు రాస్తారు.
దానియేలు సార్ ప్రతి పుస్తకం రెండుసార్లు చదివి
అచ్చుతప్పుల మీద కూడా జాలిపడతారు.
నేను ఛత్తాబజార్లో బైండింగ్ చేస్తాను.
నాకు ఓటు లేదు. సూది ఉంది.

బహుమతి ఐదు వేలు. శాలువా కొనం.
దాని బదులు నూరు కాపీలకు
గట్టి అట్ట, క్యాలికో వీపు,
చెదలు పట్టకుండా
మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం.
తర్వాత అవి జిల్లా లైబ్రరీలకు పోతాయి
ఎర్రబస్సు డిక్కీలో, ఎవరిదో పెళ్లిసామాను పక్కన.

ఈ ఏడు ఏర్పుల సునంద పుస్తకం.
నూటపన్నెండు పేజీలు, ఏడు ఫారాలు.
బైండరు పుస్తకం చదవడు, మడుస్తాడు.
అంకెలు కలిశాయా, తలకిందులు కాలేదు కదా, అంతే.
నాలుగో ఫారం మడుస్తుంటే
బొటనవేలి కింద 'అడిక్‌మెట్' తగిలింది.
సొంత గల్లీ పేరు కనబడితే ఎవరాగరు?

పచ్చ గేటు. గేటుకు చేప ఆకారంలో పోస్టుడబ్బా.
టులెట్ పలక మీద సుద్దముక్క రాత.
యూనివర్సిటీ పిల్ల, గుప్పిట్లో అడ్వాన్సు.
గది నచ్చింది, కిటికీ నచ్చింది,
నల్లా తిప్పి నీళ్లు కూడా చూసుకుంది.
ఇంటామె నవ్వుతూనే అడిగింది:
"ఇంతకీ మీరేందోళ్లమ్మా?"
చెప్పింది.
అప్పుడే గుర్తొచ్చిందట ఇంటామెకు
ఆ గది తమ్ముడి కొడుక్కి మాటిచ్చినట్టు.

ఆ చేపకు రంగు వేసింది నేను.
విమలకు తమ్ముడే లేడు.

పేజీ అక్కడితో అయిపోవాలి.
డీటీపీ పిల్లగాడి పొరపాటు,
ఆ ఒక్క పేజీలో ఒక వరుస ఎక్కువై
మిగతావాటి కంటే కిందికి, అంచు దాకా జారింది:
'వెనక కుర్చీలో పెద్దాయన పేపరు తిప్పాడు. తల తిప్పలేదు.'

ప్రతి పుస్తకానికీ మూడు వైపులా కోత ఉంటుంది.
కింది వైపు పావు అంగుళం ఎక్కువ పోతే
ఎవరూ అడగరు.
కథ చెడదు.
గేటు ఉంటుంది, చేప ఉంటుంది, విమల ఉంటుంది,
కుర్చీ ఒక్కటే ఖాళీ అవుతుంది
నూరు కాపీల్లో.

కత్తి చక్రం మీద చెయ్యి పెట్టి
పక్క షాపులో పెళ్లికార్డుల మిషను ఆగేదాకా నిలబడ్డాను.
చాయ్ వచ్చింది. మీగడ కట్టింది.
పని నేర్చుకునే వహీద్ అడిగాడు,
"ఎంత కొట్టాలె చాచా?"
"కింద అసలు కొట్టకు."
"గరుకుగ ఉంటది."
"ఉండనీ."

డిసెంబరు పదిన ఆ గదిలో పన్నెండు మందిమి.
సునంద వచ్చింది, ఇప్పుడు స్కూలు టీచరు.
తెరవకముందే పుస్తకం వాసన చూసింది,
వీపు నిమిరింది.
"కింద అంచు కొయ్యలేదేం సార్?"
"ఒక వరుస పోతుందని" అన్నాను.
ఏ వరుసని అడగలేదు.
నా మొహం కాసేపు చూసి
చాయ్ గ్లాసు అందుకుంది.

ఇంటికొస్తే పలక మళ్లీ గేటుకు వేలాడుతోంది.
నా కాపీలో యాభై ఏడో పేజీ తీసి
గరుకు అంచు మీద పెన్సిల్‌తో రాశాను:
చింతకింది విఠల్, బైండరు.
"ఏం రాస్తున్నవ్?" అంది విమల వంటింట్లోంచి.
పుస్తకం తీసుకెళ్లి ఆమె ముందు పెట్టాను.
కళ్లద్దాలు వెతుక్కుంటోంది.
నేను కూర్చోలేదు.