మూడు గీతలు

కుతైసిలో, వంతెన దిగగానే,
త్సియాలా జిప్పులు మార్చే కొట్టు తెరిచి పదకొండు రోజులు.

బ్యాంకులో పనిచేసే మరిది వచ్చి
ప్రతి పద్దునూ రెండుసార్లు రాయాలన్నాడు,
ఒకసారి ఇటు, ఒకసారి అటు.
"రెండు వైపులా సరిపోవాలి వదినా!"
సూదిలోకి దారం ఎక్కిస్తూ
"ఒక్క వైపే నాకింకా సరిపోవడం లేదు" అంది.

కూతురు ఫోన్‌లో యాప్ పెట్టి చూసింది.
అది మొట్టమొదట ఉద్యోగులెందరని అడిగింది.
ఒక కుట్టుమిషను. కిటికీలో పిల్లి.

చివరికి బడిపిల్లల నోటుబుక్కు,
స్కేలుతో మూడు గీతలు:
తేదీ, వచ్చింది, పోయింది.
రోజూ రాత్రి అడుగున నిల్వ,
బిస్కెట్ డబ్బాలోని చిల్లరతో సరిచూసి.

నాలుగోరోజే దొంగ దొరికింది. తనే.
ఇంటికి రొట్టె కొన్నది కొట్టు డబ్బుతో.
అప్పట్నుంచి రెండు పర్సులు.

నిన్న ముసలి నతేలా నల్లకోటు తెచ్చింది,
భుజం దగ్గర చిరిగింది, తెల్లారితే అంత్యక్రియలు.
కుట్టి ఇచ్చింది. డబ్బు వద్దంది.
రాత్రి పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుంది.
వచ్చింది లేదు,
దారమైతే పోయింది కదా.

"నల్లదారం, ఇరవై తెత్రీలు" అని రాసి
తన పర్సులోంచి తీసి డబ్బాలో వేసింది.
లెక్క తేలింది,
రోజూకంటే ముప్పావుగంట ఆలస్యంగా.