నావ్

చంద్రపూర్ నుంచి వచ్చిన వాసేకర్
టేబుల్ కింది పాత డబ్బాను గుంజి
సంచిల ఏసుకున్నడు.
పదకొండేండ్లు నా మోకాలికి ఆనుకొని
ఎండకాలం కాలు కాల్చిన డబ్బా.
మూత తీస్తే రెండు బల్లిగుడ్లు,
ఎవలిదో బీడీకట్ట కాగితం.

దాని జాగల పలక లాంటి అద్దం పెట్టిండు.
దీంట్ల ఏముంటది అన్న.
దీంట్ల ఏముండదు, సగళం వర్ ఆహే అని
సేతు కేంద్రం రేకుల దిక్కు ఏలు సూపెట్టిండు.
అంతా పైననే. మబ్బుల.
సాత్‌బారాలు, కులం కాగితాలు,
మరాఠీల రాయంగ కాలు ఇరిగిన మా ఇంటిపేర్లు
అన్నీ ఏ ఊరి మీదనో తేలుతున్నయట.
ఏ జిల్లా అన్న.
మబ్బుకు జిల్లా ఏంది తాయీ అని నవ్విండు.

నాకు నవ్వు రాలే.
అవతలి ఒడ్డున లగ్గం డప్పు కొడితే
సిరొంచల మా కాళ్ళు ఆడుతయి,
కాగితం మీద మాత్రం
జిల్లా రాయనిదే మేం పుట్టనట్టే.

మూడో రోజు గట్టయ్య వచ్చిండు,
వంతెన పడకముందు ప్రాణహిత దాటించినోడు.
లైసెన్సు కోసమని ఎన్కట ఒక ఫోటో తీసి
డబ్బాల ఎక్కిచ్చిన:
టేకు పడవ, ముక్కు మీద సున్నపు బొట్టు,
అంచున కూసున్న బొల్లి కుక్క.
ఆ పడవ ఇప్పుడు పలకలు పలకలుగ
కల్లు మండువల బెంచీలయిందట.
ఫోటో తీసియ్యి బిడ్డా, మనుమడు నమ్ముతలేడు.

అద్దం పేరు అడిగింది.
పడవ అని కొట్టిన. గట్టయ్య అని కొట్టిన.
ఆఖరికి మరాఠీల నావ్ అని కొట్టిన.
వాళ్ళకు నావ్ అంటే పడవ,
నావ్ అంటే పేరు కూడా.
వేల పేర్లు వచ్చినయి.
పడవ రాలే.

వాసేకర్‌కు ఫోన్ చేసిన.
కావల్సినయే పైకి పంపినం తాయీ,
న్యూ ఫోల్డర్ మూడు అని ఉంటే ఎవలు సూస్తరు?
నిజమే. పేరు పెట్టంది నేనే.

అంతల వాన.
అసలు మబ్బు పట్టంగనే ఆ మబ్బు తెగిపోయింది.
అద్దం నడుమ సున్న ఒకటి
తిరిగిందే తిరగబట్టింది.
గట్టయ్య దాన్ని శానసేపు సూసిండు.
"రెండు నదులు కలిసే కాడ నీళ్ళు గిట్లనే తిరుగుతయి.
అండ్ల పడ్డది మూడొద్దులకు ఒడ్డుకస్తది."
కొంచెం ఆగి,
"కొన్ని రావు."

టేబుల్ కింద డబ్బా ఉన్న జాగ
దుమ్ము లేకుంట నాలుగు మూలల తెల్లగ ఉంది.
తడిసిన గొడుగు అండ్ల పెట్టి
కూసున్నడు.