సొన కారేదాకా

జూన్ నెల. గుడిపాల దాటినాక మా ఫ్యాక్టరీ.
గేటు బయట తోతాపురి ట్రాక్టర్లు
హైవే దాకా, ఒకదాని తోక ఒకటి పట్టుకుని.
లోపల రాత్రి షిఫ్టుకు ఇన్‌ఛార్జిని నేను.
నా జేబులో తీపి కొలిచే గొట్టం ఒకటి ఉంటుంది.
ఒక్క చుక్క రసం వేసి, కన్ను ఆనించి చూస్తే
కాయ పద్నాలుగో పదహారో చెప్పేస్తుంది.
ఆ గొట్టం ఉందని నాకు నిండా పొగరు.

రాత్రి పదకొండుకు మేనేజరు ఫోను.
ఏడు డ్రమ్ములు తగ్గినాయంట.
ఆయన మాట నా చెవిలో పడి
నా నోట్లోంచి దొరసానమ్మ మీద పడేదానికి
బెల్టు ఈ కొస నుంచి ఆ కొసకు నడిచినంత సేపు పట్టలేదు.
ఆమె వదిలేసిన టెంకముక్క చేత్తో ఎత్తి చూపించి
నలభైమంది ముందర అరిచినాను:
"కండ్లు యాడ పెట్టుకోనుండావు మే?"

ఆమె ఏమీ అనలేదు.
గ్లౌజు తీసింది. కడిగింది. మళ్లీ తొడుక్కునింది.
కత్తి కింద కాయ మాత్రం
అంతకు ముందుకంటే గట్టిగా చప్పుడు చేసింది.

టీ టైములో కుప్పమ్మ వచ్చి నా పక్కన గోడకానుకుని కూచునింది.
ఇరవై సీజన్లు చూసిన మనిషి.
ముంజేతుల నిండా సొన కాల్చిన మచ్చలు.
"సా, తోటలో కాయ కోసినాక ఏం చేస్తారు?"
"గంపకెత్తుతారు."
"ఆడే తప్పు. తొడిమ తుంచి, బోర్లించి పెడతారు.
సొన కారిపోయేదాకా తాకరు.
కారకుండా ఎత్తితే
పక్కకాయ తోలు గూడా నల్లగా కాల్తాది."
గ్లాసు కిందపెట్టి, లేస్తా లేస్తా అనింది:
"దాని మొగుడు గేటు బయటే ఉండాడు, మూడు దినాల్నించి.
ట్రాక్టరు కిందే పడక.
టోకెను గురించి నీతో ఒక మాట అడగమంటే
మనకోసరం ఆయప్పను ఇరుకున పెట్టకూడదు అనింది."

నేను గొట్టాన్ని జేబులోంచి తీసి
ఊరికే తుడిచి, మళ్లీ పెట్టుకున్నాను.

బయట వాళ్ల కాయ ఎండకు మెత్తబడతా ఉంది.
లోపల ఆమె ఎవురిదో కాయ కోస్తా ఉంది.
నాకు కనపడింది టెంకముక్క.

మర్నాడు రాత్రి బెల్టు ఆపించినాను.
నలభైమంది ముందర అరిచినోణ్ణి
నలభైమంది ముందరే చెప్పాల గదా.
నాలిక వగరుకాయ కొరికినట్టు పట్టేసింది.
"దొరసానమ్మా, నిన్న నేను మాట్లాడింది తప్పు."
ఆమె తలెత్తకుండానే అనింది:
"బెల్టు నిలబడిపోయింది సా. మళ్లా డ్రమ్ములు తగ్గుతాయి."
ఎవరో కిసుక్కుమన్నారు. నేను గూడా.

ఇదంతా జరిగినందుకు కాయ రేటేమీ పెరగలేదు.
ఐదో దినం పొద్దున వాళ్ల బండి తూకానికొచ్చింది.
సగం కాయ పక్కకు తీయించింది నేనే.
చీటీలో తరుగు రాసి సంతకం పెట్టింది నేనే.
మునిరత్నం ఆ చీటీని రెండు మడతలు పెట్టి
చొక్కా జేబులో పెట్టుకున్నాడు.
నా మొగం చూడలేదు.

ఆ రాత్రి ఆమె చేతులు నిదానంగా ఆడినాయి.
నేను స్విచ్చుల కాడికి పోయి
బెల్టు వేగం ఒక గీత తగ్గించినాను.
ఎవురికీ చెప్పలేదు.
కుప్పమ్మ మాత్రం తలెత్తి మోటారు చప్పుడు వినింది.

పదకొండుకు ఫోను. అవే మాటలు, ఇంకా గట్టిగా.
ఈసారి వెంటనే లోపలికి పోలేదు.
కొళాయి కాడ నిలబడి చేతులు కడుక్కుంటా
ఆ మాటల్ని బోర్లించి పెట్టినాను.
చుక్క. చుక్క.
చానా సేపు పట్టింది.

తెల్లారి మళ్లీ ఆయనే:
"రెండు డ్రమ్ములు ఎందుకు తక్కువ?"
"నేనే తగ్గించినాను సార్. మనుషులు అలిసిపోయినారు.
మీరు గూడా రాత్రంతా నిద్రపోయినట్టు లేదే?"

అవతల ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.
ఫోను పెట్టేయనూ లేదు.