ప్రమాదాల రిజిస్టరు

వారాసిగూడ కమ్యూనిటీ హాలు వెనకగదిలో
ఆదివారం పదింటికి షట్టరెత్తుతాం.
ముందుగా వచ్చేది గొంతు పోయిన మిక్సీ,
ఆ తర్వాత తల తిప్పని టేబుల్ ఫ్యాను,
దాని వెనకాలే
దాన్ని పారెయ్యడానికి చెయ్యి రాని మనిషి.

మాది దుకాణం కాదు.
దస్తగిరి ఆజామాబాద్‌లో ముప్పయ్యేళ్లు లేతు తిప్పినవాడు.
ఫిలోమినా టీచరు కుట్టుమిషను చప్పుడు విని జబ్బు చెబుతుంది.
ఐలేష్ ఇంటర్ తప్పాడు, సోల్డరింగ్ పాసయ్యాడు.
నేను లెక్కలు రాస్తాను.
లెక్కలంటే, రేకుడబ్బాలో మూడొందల నలభై.

నోటీసు వానల్లో వచ్చింది,
షట్టరు మీద మైదాతో అంటించి.
అక్షరాలన్నీ కారిపోయాయి,
"చట్టరీత్యా" ఒక్కటి గట్టిగా నిలబడింది.

సర్కిల్ ఆఫీసు మూడో అంతస్తు. లిఫ్టు చెడింది.
"పానా తెచ్చుకుంటే అయిపోవు," అన్నాడు దస్తగిరి
మెట్టు మెట్టుకీ ఆగుతూ.

యజమాని పేరు. సిబ్బంది ఎంతమంది. ఏడాది టర్నోవరు.
"వ్యాపారం కాదండీ."
"అయితే ఈ ఫారం కాదు."
"మరి ఏ ఫారం?"
"వ్యాపారం కానిదానికి ఫారం లేదు."

బీమా ఏజెంటు దగ్గర మాత్రం అన్నిటికీ పట్టిక ఉంది.
చెయ్యి పోతే ఇంత, కన్ను పోతే ఇంత,
వేలికి ఇంత, సగం వేలికి దామాషా ప్రకారం.
దస్తగిరి ఎడమచెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

రుక్మాంగదం సారు కోపంగా ఉంటాడనుకున్నాను.
మాకు కుర్చీలు వేయించాడు.
"నేను చెడ్డోణ్ణి కాదమ్మా.
అప్పట్ల ఒక జిమ్ముకు సంతకం పెట్టిన, రేకులు కూలినయి.
పదేండ్లాయె, ఇంకా తారీఖులకు తిరుగుతున్న."
పెన్ను మూత తీశాడు, మళ్లీ పెట్టాడు.
"మీ గదిలో ఇప్పటిదాంక ఏమన్న అయిందా?"
"ఏం కాలేదు సార్."
నా పక్కన దస్తగిరి దగ్గాడు.

ఆరు నెలలకు ఇచ్చాడు, షరతులతో.
ఇసుక బకెట్లు రెండు, ఎర్ర సిలిండరు ఒకటి,
మిషన్లకు ఎర్తింగు, పిల్లలొస్తే వెంట పెద్దవాళ్లు,
ప్రమాదాలు రాయడానికి ఒక రిజిస్టరు,
వంద రూపాయల బాండు పేపరు.
ఏ నష్టం జరిగినా పూర్తి బాధ్యత నాదే అని
కింద ఒక గీత.
ఒక్క పేరుకే చోటు.

చిలకలగూడ హోటల్లో ఆ గీత చుట్టూ కూచున్నాం,
నాలుగు చాయ్‌లూ మీగడ కట్టాయి.
"నాకు ఇల్లుంది, అది పోతుంది," అంది ఫిలోమినా, తల దించుకుని.
"నాకేం లేదు గదా, నేను పెడ్త," అన్నాడు ఐలేష్.
"ఏం లేనోని పేరు రాస్తే
అది బాధ్యత గాదురా, మోసం," అన్నాడు దస్తగిరి.
ఆ మాట తర్వాత చాలాసేపు చెంచాల చప్పుడే.

చివరికి నేనే రాశాను.
ధైర్యం ఉండి కాదు,
పెన్ను నా చేతిలో ఉంది కనక.
ఆ రాత్రి మా గోద్రెజ్ బీరువా, రెండు గాజులు, స్కూటరు
ఒక్కొక్కటే వచ్చి నా మంచం పక్కన నిలబడ్డాయి.

ఆదివారం.
బకెట్లలో ఇసుక కొత్తది, తడి ఆరలేదు.
ఎర్ర సిలిండరు పెళ్లికొచ్చిన దూరపు చుట్టంలా
ఎక్కడ నిలబడాలో తెలియక మూలన నిలబడింది.
రెండొందల పేజీల రిజిస్టరు, గీతలు కొట్టి పెట్టాను.
తేదీ, పేరు, ఏం జరిగింది, ఏం చేశారు.
తెల్లటి మొదటి పేజీ నన్నే చూస్తోంది.
దాని కళ్లల్లోకి చూడలేక రాశాను:

ఫిబ్రవరి, రెండో ఆదివారం.
నుస్రత్, పన్నెండేళ్లు.
సోల్డరింగ్ రాడ్డు. ఎడమ బొటనవేలు.
బర్నాల్ పూశాం. ఎవరికీ చెప్పలేదు.

రేడియో బాగుచేసుకోను వచ్చిన నుస్రత్,
కొత్త రూలు ప్రకారం అమ్మీని వెంటబెట్టుకుని,
నా భుజం మీంచి వంగి చదివింది.
"ఎడమది కాదు ఆంటీ."
కుడి బొటనవేలు నా కళ్లద్దాల ముందుకు తెచ్చింది.
మెంతిగింజంత నున్నటి మచ్చ.
వాళ్లమ్మ ఆ వేలిని చూసింది, తర్వాత నన్ను.

ఎడమ కొట్టేసి, పైన కుడి అని రాసి,
దిద్దుబాటు పక్కన
పొట్టి సంతకం పెట్టాను.