కుడి చెవి

క్రిస్మస్ మర్నాడు సాయంత్రం
పోర్త్ మెలిన్ ఊరంతా చాపెల్ హాల్లో చేరింది.
ఇడ్వల్ వాళ్ళ పెద్ద టీవీని నలుగురు మోసుకొచ్చారు,
శవపేటికను మోసినంత జాగ్రత్తగా.
టీ, ఎండుద్రాక్ష కేకులు, తడి కోట్ల వాసన.
మెరెరిడ్ బెబ్ జీవితమూ కథలూ
తొంభై నిమిషాల్లో,
మధ్యమధ్య సబ్బుల ప్రకటనలతో.

తెరమీది మెరెరిడ్ ఎంత బాగుందో.
కార్డిఫ్ నుంచి వచ్చిన నటి,
నవ్వితే బుగ్గన సొట్ట.
మా మెరెరిడ్‌కి సొట్ట లేదు,
నవ్వూ అంతంత మాత్రమే.
దగ్గరికెళితే కిరోసిన్ వాసన.
గేటు వేయకుండా పోయిన పిల్లల వెనక
చీపురు పట్టుకుని రేవుదాకా వచ్చేది.
సినిమాలో చీపురు లేదు.
గేటుకి మాత్రం కొత్తగా నీలం రంగు కొట్టారు.

ఒక్కటి నిజమే చూపించారు:
ఆమెకి ఒక చెవి వినపడదు.
సగం విన్న మాటకి మిగతా సగం తనే అల్లుకునేది.
పాలవాడు "పిల్లి ఈనింది" అంటే
"పిల్లి ఈదింది" అని విని
ఐర్లాండుదాకా ఈదుకుంటూ వెళ్ళి
అక్కడ చేపల కొట్టు పెట్టిన పిల్లిని రాసింది.

తర్వాత నేను వచ్చాను.
నేనంటే, నా పేరు పెట్టుకున్న ఏడేళ్ళ పాప:
రెండు జడలు, శుభ్రమైన ముక్కు.
ఆమె ఎడమ పక్కన నిలబడి
"పడవ పోయింది" అంది.
"గొడవ పోయిందా? ఎక్కడ పోగొట్టుకున్నావు?"
అంది సొట్టబుగ్గల మెరెరిడ్.
హాలంతా నవ్వింది.

ఆ కథ ఇక్కడ పాలు తాగే పిల్లకీ తెలుసు.
గొడవ పోగొట్టుకున్న నీటికాకులు, మొగుడూ పెళ్ళామూ,
రొట్టెల పొయ్యిలో, చర్చి గంట కింద,
సుంకం అధికారి జేబులో వెతుకుతాయి.
పోట్లాడుకోవడానికి ఏమీ మిగలక
ఒకదాన్నొకటి "మీరు" అని పిలుచుకుంటూ
చలికి వణుకుతాయి.

మా నాన్న పడవ పేరు సేరెన్. అంటే చుక్క.
నవంబరు.
మూడో రోజున ఒక తెడ్డు తిరిగొచ్చింది.
ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు.
అమ్మ నాలుగు కంచాలు పెట్టి
ఒకటి తీసి లోపల పెట్టేది.
ఎవరికో ఒకరికి చెప్పాలి.
ఊళ్ళోకల్లా కోపిష్టి మనిషిని ఎంచుకున్నాను,
ఆవిడైతే జాలిపడదని.

పడలేదు. గొడవ సంగతి అడిగింది.
నాకు ఒళ్ళు మండిపోయింది.
గొడవ కాదు, పడవ, పడవ, అని
ఆమె గోడని తన్నుతూ అరిచాను.
నాన్న పోయాక నేను ఏడవడం
అదే మొదలు.
అరవై మూడేళ్ళుగా అంటూనే ఉన్నాను,
చెవిటి ముసలిదానికి ఏం వినపడింది, అని.

ఇప్పుడు ఇడ్వల్ మోచెయ్యి పట్టుకుని అడిగాను:
"ఆవిడకి వినపడనిది ఏ చెవి?"
"ఎడమది. మా వాళ్ళందరూ
ఆవిణ్ణి తిట్టాలంటే అటుపక్కే నిలబడేవాళ్ళు."

నేను నిలబడ్డది కుడిపక్కన.
వీపుకి పలకరాళ్ళ గోడ గుచ్చుకుంటోంది,
ఎదురుగా లైట్‌హౌస్.
తూర్పున ఉన్న ఆ గోడకి ఆనుకుని
ఆమెకి ఇంకో పక్క నిలబడే చోటే లేదు.

పుస్తకం చివరి పేజీలో
గొడవ దొరుకుతుంది.
బొటనవేలంత ఉంటుంది, తడిసి ముద్దై,
ఒడ్డున ఓ పడవలో నిద్రపోతూ.
నీటికాకులు దాన్ని రెక్కల కింద ఆరబెట్టుకుని
ఇంటికి తీసుకెళ్తాయి.
పడవ ఎవరిదో కథలో లేదు.
బొమ్మలో ఒకటే తెడ్డు ఉంటుంది.
రెండోది గీయడం మరిచారనుకునేదాన్ని,
నా పిల్లలకి చదివి వినిపిస్తూ కూడా.

పేర్లు పైకి పోతున్నాయి.
ఎవరో దీపాలు వేశారు, కప్పులు కడుగుతున్నారు.
ఇడ్వల్ ఏదో అడుగుతున్నాడు, నేను కోటు వేసుకున్నాను.

కొండ ఎక్కే దారిలో ఆమె ఇల్లు.
షూటింగు వాళ్ళు పోతూపోతూ
నీలం గేటు తెరిచే వదిలేశారు.
వేశాను.
పడిందో లేదోనని గొళ్ళెం
ఇంకోసారి లాగి చూశాను.